ఆ ఆదాయం ఎవరికి చేరింది? – ఆర్థిక సమానత్వంపై పార్లమెంటు సంఘాల పరిశీలన



చరిత్ర పాఠమే అయినా ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. ఒక వీధిలో అయిదు ఇళ్ళున్నాయి. నెలకు మొదటి ఇంటి ఆదాయం 2,000 రూపాయలు. రెండో ఇంటికి, మూడో ఇంటికి చెరి 3,000. నాలుగో ఇంటికి 4,000. అయిదో ఇంటికి 88,000. అన్నీ కలిపితే లక్ష రూపాయలు. ఇంటికి సగటు 20,000. మరుసటి ఏడు అయిదో ఇంటి ఆదాయం 1,08,000కు పెరిగింది. తక్కిన నాలుగిళ్ళలో ఒక్క రూపాయి కూడా పెరగలేదు. ఇప్పుడు సగటు 24,000. అంటే ఆ వీధి సగటు ఆదాయం 20 శాతం పెరిగిందన్నమాట. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. కానీ ఆ నాలుగిళ్ళ వాళ్ళ దగ్గరకు వెళ్ళి "మీ వీధి 20 శాతం బాగుపడింది" అని చెబితే వాళ్ళేమంటారో మీరే ఊహించండి.

సగటు మొత్తం ఎంతో చెబుతుంది. పంపకం ఎలా జరిగిందో చెప్పదు. అది తెలియాలంటే వేరే ప్రశ్న వేయాలి: పెరిగినది ఎవరికి చేరింది? మన పార్లమెంటు ఈ ప్రశ్నను ఎప్పుడు, ఎలా అడిగింది, జవాబు వెతకడానికి ఏయే ఏర్పాట్లు చేసుకుంది, ఆ వెతుకులాట వల్ల చట్టాలు ఎలా మారాయి అన్నదే ఈ పాఠంలోని విషయం.

1960: సభలో లేచిన ప్రశ్న

మన రాజ్యాంగం నాలుగో భాగంలో ఆదేశిక సూత్రాలున్నాయని మీరు పౌరశాస్త్రంలో చదివే ఉంటారు. వాటిలో 39వ అధికరణం రెండు ముఖ్యమైన మాటలు చెబుతుంది. దేశంలోని భౌతిక వనరుల యాజమాన్యం, నియంత్రణ ఉమ్మడి మేలుకు ఉపకరించేలా పంపిణీ కావాలనేది మొదటిది. ఆర్థిక వ్యవస్థ నడిచే తీరు వల్ల సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడి సామాన్యులకు హాని కలగకూడదనేది రెండోది. అయితే ఇవి న్యాయస్థానంలో దావా వేసి సాధించుకునే హక్కులు కావని 37వ అధికరణమే చెబుతోంది. పరిపాలనకు ఇవి మూలమని కూడా అదే అధికరణం చెబుతోంది. మరి ప్రభుత్వం ఈ దారిలో నడుస్తోందా లేదా అని అడగవలసింది ఎవరు? ప్రజలు ఎన్నుకున్న సభ అడగాలి. ఆర్థిక సమానత్వం విషయంలో పార్లమెంటు బాధ్యత ఇక్కడే మొదలవుతుంది.

1951లో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైంది. 1956లో రెండోది వచ్చింది. ఆనకట్టలు లేచాయి, ఉక్కు కర్మాగారాలు వచ్చాయి. 1960 ఆగస్టు 22న మూడో ప్రణాళిక ముసాయిదాపై లోక్‌సభలో చర్చ జరిగింది. అప్పటి స్పీకరు మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆ చర్చలో మాట్లాడుతూ, రెండు ప్రణాళికల కాలంలో జాతీయాదాయం 42 శాతం, తలసరి ఆదాయం 20 శాతం పెరిగాయని చెబుతున్నారనీ, ఆ పెరిగినది ఎక్కడికి పోయిందని అడగడం న్యాయమేననీ అంగీకరించారు. ప్రభుత్వాధినేత స్వయంగా సభలో ఈ ప్రశ్నను ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఆ ఏడాది అక్టోబరులో ప్రణాళికా సంఘం ఒక కమిటీని వేసింది. ఆదాయ పంపిణీని, జీవన స్థాయిలను పరిశీలించడం దాని పని. అధ్యక్షుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. భౌతికశాస్త్రం చదివి గణాంకశాస్త్రంలోకి వచ్చిన శాస్త్రవేత్త ఆయన. దేశమంతటా కొన్ని వేల ఇళ్ళను శాస్త్రీయంగా ఎంచుకొని, వాటి ఖర్చుల వివరాలు సేకరించి, కోట్లమంది జీవన స్థితిని అంచనా కట్టే జాతీయ నమూనా సర్వే 1950లో మొదలైంది కూడా ఆయన చొరవతోనే. అన్నం ఉడికిందో లేదో నాలుగు మెతుకులు పట్టి చూస్తాం కదా. ఆ పద్ధతికి గణితం తోడైతే నమూనా సర్వే అవుతుంది.

ఈ మహలనోబిస్ కమిటీ పార్లమెంటరీ సంఘం కాదు, ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘం అన్నది గుర్తుంచుకోండి. ఈ తేడా సంగతి తర్వాత చూద్దాం. దాని నివేదిక మొదటి భాగం 1964లో వచ్చింది. ఆర్థిక శక్తి కొద్దిమంది చేతుల్లో పోగుపడుతోందని, ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ నడిచిన తీరే పెద్ద కంపెనీలు ఇంకా పెరగడానికి తోడ్పడిందని అది చెప్పింది. సమానత్వం కోసం వేసుకున్న ప్రణాళికే కొన్నిచోట్ల అసమానతకు దారితీసిందన్న ఆ మాట పెద్ద చర్చకు కారణమైంది. 1964లోనే గుత్తాధిపత్యాలపై విచారణ సంఘాన్ని ప్రభుత్వం నియమించింది. దాని నివేదిక 1965లో వచ్చింది. ఆ తర్వాత తయారైన గుత్తాధిపత్య, నిర్బంధ వర్తక విధానాల బిల్లు ఉభయ సభల సంయుక్త సంఘం పరిశీలన దాటి 1969లో చట్టమైంది. నలభై ఏళ్ళపాటు అమలులో ఉన్న ఆ చట్టం 2009లో రద్దయింది. ఆ రంగంలో ఇప్పుడున్నది 2002 నాటి పోటీ చట్టం.

1963: మూడు అణాలా, పదిహేను అణాలా?

మహలనోబిస్ కమిటీ ఇంకా పనిలో ఉండగానే లోక్‌సభలో ఒక చరిత్రాత్మకమైన చర్చ జరిగింది. 1963 ఆగస్టులో ఆచార్య కృపలానీ నెహ్రూ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టారు. లోక్‌సభ చరిత్రలో అదే మొదటి అవిశ్వాస తీర్మానం. ఆ ఏడే ఫరూఖాబాద్ ఉపఎన్నికలో గెలిచి వచ్చిన రామ్ మనోహర్ లోహియా ఆ చర్చలో మాట్లాడుతూ, దేశంలో 60 శాతం మంది, అంటే 27 కోట్లమంది, రోజుకు 3 అణాలతో బతుకుతున్నారన్నారు. కాదు, 15 అణాలు అని నెహ్రూ జవాబిచ్చారు. ప్రణాళికా మంత్రి గుల్జారీలాల్ నందా ఏడున్నర అణాలన్నారు.

మీలో చాలామంది అణాను చూసి ఉండరు. రూపాయికి 16 అణాలు. 1957లో నయా పైసలు వచ్చినా జనం నోట అణాల లెక్క చాలాకాలం నిలిచింది. ఇప్పుడు ఈ మూడు అంకెలనూ లెక్క వేసి చూద్దాం. రోజుకు 15 అణాలంటే ఏడాదికి దాదాపు 342 రూపాయలు. ఆనాటి తలసరి ఆదాయం దగ్గర దగ్గరగా అంతే ఉండేది. అంటే నెహ్రూ చెప్పినది దేశం మొత్తం సగటు. లోహియా మాట్లాడినది అడుగున ఉన్న 60 శాతం గురించి. మన వీధి లెక్కలో ఒకరు అయిదిళ్ళ సగటు చెప్పారు, మరొకరు నాలుగిళ్ళ సంగతి చెప్పారు. నందా చెప్పిన అంకె కూడా అడుగు భాగానిదే. కాకపోతే దానికి ఆధారం నమూనా సర్వేలోని ఖర్చుల లెక్కలు.

ఇంకొక మెట్టు ముందుకు వెళదాం. 1962లో ప్రణాళికా సంఘం ఏర్పాటుచేసిన ఒక బృందం, మనిషికి నెలకు కనీసం 20 రూపాయల ఖర్చు ఉండాలని 1960–61 ధరల ప్రకారం సూచించింది. ఇక నందా చెప్పిన ఏడున్నర అణాలను నెలకు లెక్కకట్టండి. సుమారు 14 రూపాయలు. లోహియా అంకెను పక్కన పెట్టి ప్రభుత్వం ఇచ్చిన అంకెనే తీసుకున్నా, దేశంలో సగానికి మించిన జనం నిపుణులు సూచించిన కనీస స్థాయికి కిందనే ఉన్నారన్నమాట.

అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347 ఓట్లు పడి అది వీగిపోయింది. ప్రభుత్వానికి ఏమీ కాలేదు. అయినా ఆ చర్చను జనం మరచిపోలేదు. సగటు వెనుక దాగిన మనుషుల సంగతి దేశమంతా మాట్లాడుకునేలా చేసిన చర్చ అది.

కానీ ఆ చర్చలోనే సభకున్న ఒక ఇబ్బంది కూడా బయటపడింది. ముగ్గురు పెద్దలు మూడు అంకెలు చెప్పారు. వాటి వెనుక ఉన్న లెక్కలను పరిచి, అధికారులను కూర్చోబెట్టి, "ఈ అంకె ఎలా వచ్చింది? ఎన్ని ఇళ్ళు అడిగారు? పండించుకు తిన్న గింజలను లెక్క కట్టారా?" అని అడగడానికి నిండు సభలో వీలుపడదు. వందలమంది ఉన్నచోట ఒక్కొక్కరికీ దొరికేది కొద్ది నిమిషాలే. అంత ఓపికగా చేయవలసిన పని కోసం ఏర్పడినవే సంఘాలు.

సంఘాల పుట్టుక, పని తీరు

మన పార్లమెంటరీ సంఘాల్లో పాతది ప్రజాపద్దుల సంఘం. మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల తర్వాత 1921లో ఏర్పడింది. అప్పట్లో వైస్రాయి కౌన్సిల్‌లోని ఆర్థిక సభ్యుడే దానికి అధ్యక్షుడు. అంటే ఖర్చు చేసే ప్రభుత్వమే ఖర్చును తనిఖీ చేసుకునేది. రాజ్యాంగం అమలులోకి వచ్చాక ఆ సంఘం స్పీకరు పర్యవేక్షణలోకి వచ్చింది. 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుణ్ణి అధ్యక్షుడిగా నియమించే ఆనవాయితీ మొదలైంది. అలా మొదట అధ్యక్షుడైనవారు మినూ మసానీ. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఇచ్చే నివేదికలే ఈ సంఘానికి ముడిసరుకు.

1950లో అంచనాల సంఘం వచ్చింది. దాని మొదటి అధ్యక్షుడు ఇంతకుముందు మనం చెప్పుకున్న అనంతశయనం అయ్యంగారే. ప్రజాపద్దుల సంఘం ఖర్చయిన డబ్బు సంగతి చూస్తే, అంచనాల సంఘం ఖర్చు చేయబోయే డబ్బును పొదుపుగా, ఫలవంతంగా ఎలా వాడవచ్చో చూస్తుంది. 1964లో ప్రభుత్వ రంగ సంస్థల సంఘం, 1968లో షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగల సంక్షేమ సంఘం, 1997లో మహిళా సాధికారత సంఘం ఏర్పడ్డాయి. ఎవరికి చేరిందన్న ప్రశ్నను ఈ చివరి రెండూ నేరుగా అడుగుతాయి.

1993లో పెద్ద మార్పు వచ్చింది. అన్ని మంత్రిత్వ శాఖలనూ పంచుకొని 17 శాఖాపరమైన స్థాయీ సంఘాలు ఏర్పడ్డాయి. 2004లో వాటి సంఖ్య 24 అయింది. ఒక్కో సంఘంలో 31 మంది సభ్యులు: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులు సభ్యులుగా ఉండరు. ఏటా బడ్జెట్ ప్రవేశపెట్టాక సభ కొన్ని వారాలు విరామం తీసుకుంటుంది. ఆ విరామంలో ఈ సంఘాలు తమ శాఖల పద్దులను పరిశీలిస్తాయి. ఇది ఎందుకు ముఖ్యమో తెలుసా? సభలో సమయం చాలక చాలా శాఖల పద్దులు చర్చ లేకుండానే ఒక్కసారిగా ఓటుకు వస్తాయి. దీన్నే గిలటిన్ అంటారు. సంఘంలో పరిశీలన లేకపోతే ఆ శాఖల ఖర్చును ఎంపీలెవరూ వివరంగా చూడనట్టే లెక్క.

సంఘాల సమావేశాలకు పత్రికలవారిని రానివ్వరు, టీవీ కెమెరాలు ఉండవు. శాఖ కార్యదర్శి, ఆయన సిబ్బంది వచ్చి జవాబులు చెప్పాలి. నిపుణులను, కార్మిక సంఘాలను, స్వచ్ఛంద సంస్థలను పిలిచి అభిప్రాయాలు వింటారు. ప్రజల నుంచి వినతులు కోరుతూ పత్రికల్లో ప్రకటన ఇస్తారు. కెమెరా లేనిచోట సభ్యుడు తన పార్టీవారిని మెప్పించడానికి మాట్లాడవలసిన అవసరం తక్కువ. అందుకే పాలకపక్షం, ప్రతిపక్షం కలిసి ఒకే నివేదికపై నిలబడటం ఇక్కడ సాధ్యమవుతుంది. ఒప్పుకోని సభ్యుడు తన అసమ్మతి పత్రాన్ని జతచేయవచ్చు. నివేదిక వచ్చాక మూడు నెలల్లో ప్రభుత్వం తాను తీసుకున్న చర్యలేమిటో చెప్పాలి.

ఇంతకుముందు అనుకున్న తేడా ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మహలనోబిస్ కమిటీ వంటి నిపుణుల సంఘాన్ని ప్రభుత్వమే వేస్తుంది, ఏం పరిశీలించాలో ప్రభుత్వమే చెబుతుంది, నివేదిక కూడా ప్రభుత్వానికే అందుతుంది. పార్లమెంటరీ సంఘం మాత్రం సభ తరఫున పనిచేస్తుంది, సభకే జవాబుదారీ.

ఒక్క మాట తీసేస్తే: ఉపాధి హామీ కథ

ఈ ఏర్పాటు పేదవాడికి ఏం ఒరగబెట్టింది? అసలు ప్రశ్న అదే కదా. ఒక ఉదాహరణ చూద్దాం.

2004 డిసెంబరు 21న లోక్‌సభలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ బిల్లు ప్రవేశపెట్టారు. పల్లెల్లో కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని హామీ ఇవ్వడం దాని లక్ష్యం. ఈ ఆలోచనకు మహారాష్ట్ర దారి చూపింది. అక్కడ 1972లో కరువు రోజుల్లో మొదలైన ఉపాధి హామీ పథకం 1977లో చట్టమైంది. అయితే కేంద్రం తెచ్చిన బిల్లులో రెండు చిక్కులున్నాయి. హామీ "పేద కుటుంబాలకు" మాత్రమే, అంటే దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నట్టు జాబితాకెక్కిన వారికే. పైగా చట్టం దేశమంతటికీ ఎప్పటిలోగా వర్తిస్తుందో గడువు లేదు.

బిల్లును గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘానికి పంపారు. దాని అధ్యక్షుడు కల్యాణ్ సింగ్. ఉత్తరప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి, అప్పటి ప్రధాన ప్రతిపక్షమైన భారతీయ జనతా పార్టీ నాయకుడు. బిల్లు తెచ్చినది ఐక్య ప్రగతిశీల కూటమి ప్రభుత్వం. సంఘం అధికారులను విన్నది, బయటివారిని విన్నది. 2005 జులైలో నివేదిక ఇచ్చింది. హామీని దారిద్ర్య రేఖ జాబితాకు కట్టిపెట్టవద్దని, పల్లెల్లోని కుటుంబాలన్నిటికీ వర్తింపజేయాలని సిఫారసు చేసింది. ప్రతిపక్ష నాయకుడి అధ్యక్షతన ఉన్న సంఘం ప్రభుత్వ బిల్లును నీరుగార్చమనకుండా మరింత బలపరచమని చెప్పడం గమనించండి.

ఆ ఒక్క మాట తీసేయడం ఎందుకంత ముఖ్యం? జాబితాను జల్లెడ అనుకోండి. ఏ జల్లెడలోనైనా రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. రాళ్ళు కిందికి పడవచ్చు, గింజలు పైన ఉండిపోవచ్చు. అంటే అర్హత లేనివారు జాబితాలోకి చేరవచ్చు, అర్హులు బయట మిగిలిపోవచ్చు. ఊళ్ళో పలుకుబడి లేని ఒంటరి స్త్రీ, వలస వెళ్ళివచ్చే కూలీ, ఈ ఏడే పంట పోయి చితికిపోయిన రైతు బయట మిగిలిపోయేవారిలో ముందుంటారు. కానీ ఉపాధి హామీకి ఈ జల్లెడ అవసరమే లేదు. ఎండలో గడ్డపార పట్టి కనీస కూలికి మట్టి తవ్వడానికి కలవాడెవరూ రాడు. అవసరమున్నవారే వస్తారు. పనే జల్లెడ పడుతుంది. ఈ వాదనను ఆర్థికవేత్తలు, ప్రజాసంఘాలు ముందునుంచీ వినిపిస్తూనే ఉన్నారు. 2005 వేసవిలో రోజ్‌గార్ అధికార్ యాత్ర పది రాష్ట్రాల్లో తిరిగింది. వీధిలో వినిపించిన ఆ వాదన సంఘం నివేదికలో చోటు సంపాదించుకుంది.

2005 ఆగస్టు 23న లోక్‌సభ, 24న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. తుది చట్టంలో "పేద" అన్న షరతు లేదు. శ్రమ చేయడానికి ముందుకు వచ్చే వయోజనులున్న ప్రతి గ్రామీణ కుటుంబానికీ హామీ దక్కింది. అయిదేళ్ళలోగా దేశమంతటికీ వర్తించాలన్న గడువు వచ్చింది. ఈ మార్పులన్నీ ఒక్క సంఘం వల్లనే జరిగాయని నేననను. బయటి ఉద్యమం, మిత్రపక్షాల ఒత్తిడి, ప్రభుత్వంలోని సానుకూలత అన్నీ కలిశాయి. ఆ వాదనలకు పార్లమెంటు పేరు మీద రాతపూర్వకమైన బలం ఇచ్చినది మాత్రం సంఘం నివేదిక.

2006 ఫిబ్రవరి 2న ఈ పథకం మొదలైనది మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. మొదట 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నాటికి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నీ దీని కిందికి వచ్చాయి. పని పొందేవారిలో కనీసం మూడోవంతు స్త్రీలు ఉండాలని చట్టం చెబితే, తర్వాతి ఏళ్ళలో దేశం మొత్తం మీద పనిదినాల్లో సగానికి పైగా స్త్రీలవే అయ్యాయి. గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని ఆ చట్టంలోని 17వ సెక్షన్ చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీన్ని రాష్ట్రమంతటా చేపట్టి, 2009లో అందుకోసం ప్రత్యేకంగా ఒక సంస్థనే ఏర్పాటుచేసింది. మస్టరు రోలును ఊరి మధ్య చదివి వినిపిస్తారు. "నీ పేరు మీద 12 రోజులు రాశారు, నిజంగా చేశావా? డబ్బు ముట్టిందా?" అని అడుగుతారు. ఢిల్లీలో సంఘం అడిగే ప్రశ్ననే ఇక్కడ రచ్చబండ దగ్గర ఊరు అడుగుతోంది.

ఆహారం: రెండు వరసలా, ఒకే వరసా?

రెండో ఉదాహరణ తిండిగింజలది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చిన సంగతి మీ ఇంట్లో పెద్దలను అడిగితే చెబుతారు. దేశం మొత్తానికి చౌక గింజలను హక్కు చేసే బిల్లు 2011 డిసెంబరు 22న లోక్‌సభకు వచ్చింది. అందులో జనాన్ని రెండు వరసలు చేశారు. "ప్రాధాన్య" కుటుంబాల్లో మనిషికి నెలకు 7 కిలోలు. "సాధారణ" కుటుంబాల్లో మనిషికి 3 కిలోలు, అదీ ఎక్కువ ధరకు.

విలాస్ ముత్తెంవార్ అధ్యక్షతన ఉన్న ఆహార స్థాయీ సంఘం ఏడాదికి పైగా పరిశీలించి 2013 జనవరిలో నివేదిక ఇచ్చింది. రెండు వరసలు వద్దని, ఒకే వరసగా మనిషికి 5 కిలోలు ఇవ్వాలని సూచించింది. 2013 సెప్టెంబరులో వచ్చిన చట్టంలో ఈ 5 కిలోల సూత్రమే నిలిచింది. బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమలు 2, చిరుధాన్యాలు 1 రూపాయి. గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాకు వర్తింపు. అతి పేదలైన అంత్యోదయ కుటుంబాలకు నెలకు 35 కిలోలు ఇవ్వడాన్ని చట్టం కొనసాగించింది. 2023 జనవరి నుంచి ఈ గింజలను ఉచితంగా ఇస్తున్నారు.

ఇక్కడ మీరు ఆలోచించవలసిన చిక్కు ఒకటుంది. రెండు వరసలు పోయి ఒకే వరస రావడం వల్ల "సాధారణ" వారికి 3 కిలోలు 5 అయ్యాయి. కానీ "ప్రాధాన్య" వారికి 7 కిలోలు 5కు తగ్గాయి. ఇది సమానత్వమా? జల్లెడ పొరపాట్లు తగ్గాయి, నిజమే. దానికి బదులుగా కొందరు కొంత వదులుకున్నారు. విధానం అంటే ఇలాంటి ఎంపికే. ఒకదాన్ని ఎంచుకుంటే దేన్ని వదులుకోవలసి వస్తుందో కాగితం మీద పెట్టి చూపించగలిగితే సంఘం తన పని చేసినట్టే.

పరిమితులు

సంఘాల సిఫారసులు ప్రభుత్వాన్ని కట్టడి చేయవు. సలహాగా ఉంటాయి, అంతే. కారణం చెప్పి ప్రభుత్వం తిరస్కరించవచ్చు. స్థాయీ సంఘాల కాలపరిమితి ఒక ఏడాదే. సభ్యులు ఒక విషయంలో లోతుకు దిగేసరికి సంఘం మారిపోవచ్చు. అన్నిటికీ మించి, బిల్లును సంఘానికి పంపడం తప్పనిసరి కాదు. 15వ లోక్‌సభ కాలంలో బిల్లుల్లో సుమారు 71 శాతం సంఘాల పరిశీలనకు వెళ్ళాయి. 16వ లోక్‌సభలో అది నాలుగోవంతుకు కొంచెం అటూఇటూగా, 17వ లోక్‌సభలో సుమారు 16 శాతానికి పడిపోయింది.

ఉపాధి హామీ చట్టం విషయమే చూడండి. 2025 డిసెంబరులో దాని స్థానంలో వికసిత్ భారత్ గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ గ్రామీణ్ అనే కొత్త చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. హామీ 100 రోజుల నుంచి 125 రోజులకు పెరిగింది. ఖర్చులో రాష్ట్రాల వాటా కూడా పెరిగింది. దీన్ని స్థాయీ సంఘానికి పంపాలని ప్రతిపక్షాలు కోరాయి. అలా పంపకుండానే, ప్రవేశపెట్టిన వారంలోపే ఉభయ సభలూ ఆమోదించాయి. కొత్త చట్టం మంచిదా, పాతది మంచిదా అన్నది వేరే చర్చ. దాన్ని మీరు ఎటువైపు నుంచైనా చేయవచ్చు. కానీ 2004 బిల్లు ఏడు నెలలు సంఘంలో ఉండి మారి వచ్చిందని, 2025 బిల్లుకు ఆ మెట్టు లేకపోయిందని చరిత్ర విద్యార్థిగా మీరు నమోదు చేసుకోవాలి. వేగంగా చేసే చట్టంలో ఆలస్యం ఉండదు. ఎవరు బయట మిగిలిపోతారో ముందుగా అడిగే అవకాశం కూడా అందులో తక్కువే.

మీరు చేయగలిగినది

స్థాయీ సంఘాల నివేదికలు రహస్య పత్రాలు కావు. సభకు సమర్పించాక ఎవరైనా చదవవచ్చు. అవి ఇంగ్లీషు, హిందీ భాషల్లో వెలువడతాయి. తెలుగులో చదువుకునే విద్యార్థికి ఇది ఇబ్బందే. కనుక ఒక పని చేయండి. మీ కాలేజీలో నలుగురైదుగురు కలిసి గ్రామీణాభివృద్ధి, విద్య, ఆహారం, కార్మిక శాఖల్లో ఒకదాన్ని ఎంచుకోండి. ఆ శాఖ పద్దులపై వచ్చిన తాజా నివేదికలో సిఫారసుల భాగం మాత్రం చదివి, మీ మాటల్లో రెండు పేజీల తెలుగులో రాసి నోటీసు బోర్డులో పెట్టండి. చదివేటప్పుడు మూడు ప్రశ్నలు దగ్గర ఉంచుకోండి. ఈ అంకె సగటా, పంపకమా? ఈ పథకంలో బయట మిగిలిపోయేది ఎవరు? ఈ నిర్ణయానికి ముందు ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు?

వీలైతే మీ ఊళ్ళో జరిగే గ్రామసభకు కూడా వెళ్ళండి. అక్కడ చదివే జాబితాలో మీకు తెలిసిన పేర్లే ఉంటాయి. ఏ పేరు ఉందో వినండి. ఉండవలసిన ఏ పేరు లేదో కూడా చూసి, లేచి అడగండి.